కణితి ముఖం నలుపు తెలుపులో: విక్టోరియా అడవిలో ఒక పోర్ట్రెయిట్ ఎలా తయారవుతుంది

ఈ వారం ఎపిసోడ్‌కి ఇది తోడు వ్యాసం. మాట్లాడినదంతా కింద ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉంది. అయితే ఫొటో గురించి మైకులో చెప్పడమంటే పెళ్లి భోజనాన్ని ఫోన్‌లో వర్ణించినట్టే ఉంటుంది. అందుకని లెక్కలు, సెట్టింగులు, ఇంటికొచ్చాక చేసే పని, ఇవన్నీ వరసగా ఇక్కడ రాస్తున్నాను.

ఎపిసోడ్ మొదట్లో కెనడా నుంచి మాట్లాడిన అన్న తన మూస్ ఫొటోల గురించి చెప్పారు కదా. జింక జాతులన్నిటిలో పెద్దది మూస్. మగది 500 కిలోలు దాటుతుంది. పారల్లాంటి వెడల్పు కొమ్ములు, వేలాడే ముక్కు, నల్లటి ఒళ్లు. ఆయన నన్నడిగిన ప్రశ్న ఇది: "ఆస్ట్రేలియాలో మూస్ లేదు కదా తమ్ముడూ, మరి నువ్వేం తీస్తావు?"

నేను తీసేది కణితిని. డాక్టర్ చెప్పే కణితి కాదండీ, అడవిలో తిరిగే కణితి. కొన్ని ఊళ్లలో కణుజు అంటారు. ఇంగ్లీషులో సాంబార్. మా సైటులో ఒక ఆస్ట్రేలియన్ కార్పెంటర్ వేటకు వెళ్తాడు. ఒకరోజు టీ బ్రేక్‌లో నేను "ఇంటి నుంచి సాంబార్ తెచ్చుకున్నా" అంటే, "ఎక్కడ కొట్టావు?" అని అడిగాడు. ఇక్కడ ఆ మాటకి అర్థం అదే.

మాది ఆత్మకూరు వైపు. నల్లమల అంచు. నంద్యాలలో ఐటీఐ చేసి, గల్ఫ్‌లో కొన్నేళ్లు పనిచేసి, ఇప్పుడు క్లేటన్‌లో ఉంటూ కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. వారంలో ఆరు రోజులు కాంక్రీటు, ఆదివారం అడవి. చిన్నప్పటి నుంచి పేరు విన్న జంతువే ఇక్కడ ఇంటికి గంట దూరంలో దొరుకుతుందని తెలిశాక, ఇంక వేరే జంతువు వెతుక్కోలేదు.

ఇక్కడికి ఎలా వచ్చింది

ఆస్ట్రేలియాలో పుట్టిన జింక జాతి ఒక్కటీ లేదు. 1861లో విక్టోరియాలో ఒక అక్లిమటైజేషన్ సొసైటీ పెట్టారు. బయటి దేశాల జంతువుల్ని, పక్షుల్ని, చేపల్ని తెచ్చి ఇక్కడ అలవాటు చేయడం దాని పని. యూరప్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకు ఈ అడవులు బోసిగా అనిపించాయి మరి. అలా 1860లలో శ్రీలంక వైపు నుంచి కణితుల్ని తెచ్చి మెల్‌బోర్న్ చుట్టుపక్కల వదిలారు. అలా వదిలిన చోట్లలో క్లేటన్‌కి ఆగ్నేయంగా ఉన్న కూ వీ రప్ చిత్తడి నేలల ప్రాంతం కూడా ఒకటి. అక్కడి నుంచి, ఇతర చోట్ల నుంచి తూర్పు కొండలకు పాకి, ఇప్పుడు గిప్స్‌ల్యాండ్, ఆల్పైన్ అడవులంతా అవే.

మన దగ్గర పరిస్థితి దీనికి తలకిందులు. నాగార్జునసాగర్ శ్రీశైలం, అమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యాల్లో పెద్దపులికి ఇష్టమైన ఆహారం కణితే. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం దానికి రక్షణ ఇస్తుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, 2008 నుంచి దాన్ని ముప్పు అంచున ఉన్న జాతుల్లో పెట్టింది. అదే జంతువు విక్టోరియాలో బెడద. గేమ్ లైసెన్స్ ఉన్నవాళ్లు ఏడాది పొడవునా, ఇన్నే కొట్టాలన్న లెక్క లేకుండా వేటాడొచ్చు. ఈ రెండు సంగతులూ తెలిసి కెమెరా పట్టుకోవాలి. ఎందుకో చివర్లో చెప్తాను.

రంగు తీసేస్తే ఏం మిగులుతుంది

అడవి జంతువుల్ని నలుపు తెలుపులో తీయడం కొత్త మోజేం కాదు. అమెరికాలో జార్జ్ షిరాస్ అనే ఆయన మొదట వేటగాడు, తర్వాత తుపాకీ పక్కనపెట్టి కెమెరా పట్టాడు. రాత్రిపూట పడవలో వెళ్లి, ఫ్లాష్ పౌడర్ వెలిగించి, నీళ్ల దగ్గరకొచ్చిన జింకల్ని తీసేవాడు. 1906 జులై నేషనల్ జియోగ్రాఫిక్ సంచికలో ఆయన ఫొటోలు 70కి పైగా వచ్చాయి. రాకీ పర్వతాల్లో ఉండే మూస్ ఉపజాతికి ఆయన పేరే పెట్టి షిరాస్ మూస్ అంటారు. మన వైపు చూస్తే, మద్రాసులో ఎం. కృష్ణన్ ఉండేవారు. 1912లో పుట్టారు, 1996లో పోయారు. స్టేట్స్‌మన్ పత్రికలో 1950 నుంచి చివరిదాకా ప్రకృతి మీద శీర్షిక రాశారు. రంగు ఫిల్మ్ చేతికి అందే రోజులొచ్చినా ఆయన నలుపు తెలుపునే నమ్ముకున్నారు. ఏనుగులు, అడవి దున్నలు, కణితులు అన్నీ అలాగే తీశారు.

అసలు విషయానికొస్తే, కణితిది ముదురు గోధుమ రంగు. అడవిది ముదురు ఆకుపచ్చ. రంగు ఫొటోలో ఇవి రెండూ వేరని కంటికి వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే రంగులు వేరు. రంగు తీసేయగానే రెండూ ఇంచుమించు ఒకే బూడిద ఛాయలో పడతాయి. జంతువు అడవిలో కలిసిపోతుంది. ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ నొక్కి "ఏంటి, బురదలా వచ్చింది" అని పక్కన పడేసేవాళ్లందరి సమస్యా ఇదే.

కాబట్టి నలుపు తెలుపులో జంతువుని అడవి నుంచి విడదీసేది వెలుగులో తేడా ఒక్కటే. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడ్ చదివినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. డ్రాయింగ్‌లో రంగులుండవు. కోసిన గోడకి లావు గీత, వెనకాల కనబడేదానికి సన్న గీత, కనబడనిదానికి తెగిన గీత. గీతల మందం చూసే ఏది ముందు, ఏది వెనక అని చదువుతాం. ఫొటోలో ఆ గీతల పని వెలుగు చేస్తుంది.

విడదీయడానికి దారులు రెండే. ముదురు జంతువు వెనక లేత నేపథ్యం ఉండాలి, లేదా ముదురు నేపథ్యం ముందు జంతువు మీద వెలుగు పడాలి. పొగమంచు మొదటి దారి. పొద్దున పక్కనుంచి పడే ఎండ రెండో దారి. ఈ రెండిట్లో ఏదీ లేకపోతే ఇంట్లో కూర్చుని ఎంత దిద్దినా రాదు. అలాంటప్పుడు కెమెరా దించేసి జంతువుని ఊరికే చూసి రావడం మేలు.

అడవికి వెళ్లే ముందు

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేరుగా కణితి కోసం వెళ్లొద్దు. క్లేటన్ నుంచి దాదాపు 20 కిలోమీటర్లలో లిస్టర్‌ఫీల్డ్ పార్క్ ఉంది. అక్కడ కంగారూలు గుంపులుగా మేస్తుంటాయి, మనుషులకు అలవాటు పడ్డవి. వాటి బొచ్చు కూడా గోధుమ, బూడిద కలిసిన రంగే. పక్క వెలుగులో, ఎదురు వెలుగులో ఎలా కనబడుతుందో నాలుగు ఆదివారాలు అక్కడ చూసుకోండి. ఆ తర్వాత డాండెనాంగ్ కొండల్లో షెర్‌బ్రూక్ అడవి, క్లేటన్ నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. మౌంటెన్ యాష్ అనే యూకలిప్టస్ చెట్లు, ప్రపంచంలో పూలు పూసే చెట్లలో అన్నిటికన్నా ఎత్తైన జాతుల్లో ఒకటి. కింద మనిషికి రెండింతల ఎత్తు ఫెర్న్ చెట్లు. తెల్లవారుజామున పొగమంచు దిగుతుంది. అక్కడ కణితులూ తిరుగుతాయి, కానీ ఎప్పుడు కనబడతాయన్నది వాటి ఇష్టం.

కణితి ఎక్కువగా రాత్రి, లేదా పొద్దు పొడిచేటప్పుడు, పొద్దు గూకేటప్పుడు తిరుగుతుంది. ముందు ముక్కు, తర్వాత చెవులు, ఆ తర్వాతే కళ్లు. కాబట్టి అన్నిటికన్నా ముందు గాలి చూసుకోవాలి. నేను చాక్ లైన్‌లో వాడే తెల్ల పొడిని చిన్న సీసాలో తీసుకెళ్తాను. ఒకసారి నొక్కితే పొడి ఎటు పోతుందో తెలుస్తుంది. కొండ మీద ఒక నియమం ఉంది. తెల్లవారుజామున చల్లగాలి బరువుగా ఉండి లోయలోకి జారుతుంది, అప్పుడు మనం జంతువుకి కింద ఉండాలి. ఎండ పడి వాలు వేడెక్కాక గాలి పైకి లేస్తుంది, అప్పుడు మనం పైన ఉండాలి. ఈ మార్పు చాలాసార్లు అరగంటలో జరిగిపోతుంది. పొడి సీసా జేబులో ఉండాల్సింది అందుకే.

బట్టల గురించి ఎక్కువమంది అడుగుతారు. జింక జాతుల కళ్లకి మనలా మూడు రకాల రంగు కణాలు ఉండవు, రెండే. నీలం బాగా తెలుస్తుంది, ఎరుపు, నారింజ మసకగా, ఆకుపచ్చతో కలిసిపోయినట్టు కనబడతాయి. మనకి భగ్గుమనే పెద్దపులి నారింజ రంగు జింక కంటికి ఆకుల్లో కలిసిపోయేది అందుకే. అంటే సైటులో వేసుకునే నారింజ వెస్ట్ అడవిలో మన పాలిట వరం. వేటగాళ్లకి దూరం నుంచే కనబడుతుంది, కణితికి పెద్దగా తేడా తెలియదు. ఫ్లోరోసెంట్ పసుపు వెస్ట్ మాత్రం వద్దు. నీలం జీన్స్ వద్దు. తెల్లదనం పెంచే డిటర్జెంట్‌తో ఉతికిన బట్టలు కూడా వాటికి మెరిసినట్టు కనబడతాయి.

వేట సంగతి తేలిగ్గా తీసుకోకండి. డాండెనాంగ్ రేంజెస్ నేషనల్ పార్క్‌లో సరదా వేటకి అనుమతి లేదు. కానీ తూర్పున చాలా స్టేట్ ఫారెస్టుల్లో ఉంది, ఆల్పైన్ నేషనల్ పార్క్‌లో కొన్ని భాగాల్లో, కొన్ని నెలల్లో ఉంది. వెళ్లే చోటు ఏ రకం అడవి అన్నది ముందు రోజే చూసుకోండి. నారింజ వెస్ట్ ఫ్యాషన్ కాదు, ప్రాణం. చీకట్లో తిరుగు ప్రయాణంలో బండి నెమ్మదిగా నడపండి. 200 కిలోలు దాటిన జంతువు రోడ్డు మీదికి దూకితే కారు మిగలదు.

కెమెరా దగ్గర

లెన్స్ గురించి ఒక చిన్న లెక్క. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి 400 ఎం.ఎం. లెన్స్ పెట్టి 40 మీటర్ల దూరంలో ఉన్న జంతువుని చూస్తే ఫ్రేమ్ వెడల్పు 3.6 మీటర్లు. మగ కణితి భుజం దగ్గర ఎత్తు సుమారు 1.3 మీటర్లు. అంటే జంతువు మొత్తం, కాస్త అడవి వస్తాయి. అదే దూరంలో 600 ఎం.ఎం. అయితే వెడల్పు 2.4 మీటర్లు. ముఖం నిండుగా కావాలంటే ఇంకా దగ్గరికి వెళ్లడం కన్నా తర్వాత కత్తిరించుకోవడం మంచిది. 40 మీటర్ల దూరం మనకీ క్షేమం, దానికీ క్షేమం.

నేను వాడే సెట్టింగులు ఇవి. కదలకుండా నిలబడ్డ జంతువుకి షట్టర్ సెకనులో 250వ వంతు, నడుస్తుంటే 500వ వంతు. ఎపర్చర్ ఎఫ్ 6.3 దగ్గర. ఐ.ఎస్.ఓ. 3200 నుంచి 6400 దాకా పోతుంది, పోనివ్వండి. ఆ గరుకుని నలుపు తెలుపు ఓర్చుకుంటుంది, రంగు ఫొటో ఓర్చుకోదు. రా ఫైల్‌లో తీయండి. సైలెంట్ షట్టర్ ఉంటే వాడండి.

ఎక్స్‌పోజర్ దగ్గర కెమెరా మనల్ని పక్కదారి పట్టిస్తుంది. కెమెరా మీటరుకి లోకమంతా మధ్యరకం బూడిద రంగులో ఉండాలి. ఫ్రేమ్ అంతా ముదురు అడవి, ముదురు జంతువు ఉంటే "చీకటిగా ఉంది" అనుకుని వెలుగు పెంచేస్తుంది. చెవి అంచు మీద, తడి ముక్కు మీద ఉండే చిన్న తెల్లటి మెరుపులు కాలిపోతాయి. కాలిపోయినదాంట్లో వివరం మళ్లీ తేలేం. అందుకని ఎక్స్‌పోజర్ కంపెన్సేషన్ రెండు మూడోవంతుల స్టాప్, ఒక్కోసారి ఒక స్టాప్ తగ్గించండి. దీనికి తిరకాసు కేసు పొగమంచు. నేపథ్యం తెల్లగా ఉంటే మీటరు వెలుగు తగ్గించేస్తుంది, జంతువు బొగ్గు ముద్దలా వస్తుంది. అప్పుడు అర స్టాప్ పెంచండి. హిస్టోగ్రామ్ కుడి గోడకి తగలకుండా ఉంటే చాలు.

కెమెరా తెర మీద ప్రివ్యూని మోనోక్రోమ్‌లో పెట్టుకోండి. రా ఫైల్‌లో రంగులన్నీ భద్రంగా ఉంటాయి, చూసేది మాత్రం నలుపు తెలుపులో చూస్తాం. జంతువు అడవి నుంచి విడిపోతోందా లేదా అన్నది అక్కడికక్కడే తెలిసిపోతుంది. విడిపోకపోతే రెండడుగులు పక్కకి జరిగితే చాలాసార్లు దాని వెనక ఆకాశం ముక్కో, ఎండ పడ్డ ఫెర్నో వస్తుంది.

ఏ వెలుగు మంచిది? లప్పం పట్టిన గోడని చూసే పద్ధతి గుర్తుచేసుకోండి. ఎదురుగా లైటు వేస్తే గోడ నున్నగా అద్దంలా కనబడుతుంది. అదే లైటుని గోడకి ఆనించి పక్కనుంచి వేస్తే ప్రతి గుంటా, ప్రతి గీతా బయటపడుతుంది. కణితి మెడ మీద జూలు ముతకగా, నారలా ఉంటుంది. ఎదురు ఫ్లాష్ దాన్ని చదును చేసేస్తుంది. పక్క ఎండ దాని ప్రతి పోగునీ చూపిస్తుంది. జింకల మీద ఫ్లాష్ నేను వాడను. రాత్రి టార్చి వేసి వెతకడం కూడా చేయను.

ముఖంలో చూడాల్సినవి

కణితి ముఖానికి కొన్ని గుర్తులున్నాయి. పెద్ద గుండ్రటి చెవులు. ఎదురు వెలుగులో వాటి అంచు బొచ్చు వెండి తీగలా వెలుగుతుంది. కంటి కింద, ముక్కు వైపు ఒక చీలిక ఉంటుంది, అది గ్రంథి. ఉద్రేకంలో ఉన్నప్పుడు అది విచ్చుకుంటుంది, మామూలప్పుడు సన్నటి గీతలా ఉంటుంది. మగవాటి కొమ్ములకి సాధారణంగా ఒక్కో వైపు మూడు మొనలు. బురదలో దొర్లే అలవాటు ఉంది కాబట్టి చాలాసార్లు ముఖం మీద ఎండిన బురద పెళ్లలుంటాయి. ఆ బురదని దిద్దుబాటులో తుడిచేయకండి, నలుపు తెలుపులో అందం అక్కడే.

జంతువు ఏమంటోందో కూడా చూడండి. చెవులు రెండూ మనవైపు నిలబెట్టి, ముందు కాలితో నేలని తడితే మనల్ని పసిగట్టింది అని అర్థం. అప్పుడు కదలకండి. తోక ఎత్తి, బూర ఊదినట్టు ఒక్కసారి గట్టిగా అరిస్తే ఆ రోజుకి పని అయిపోయింది. నల్లమలలో ఆ అరుపు వినబడితే పులి ఉందని అర్థం. ఇక్కడ పులి లేదు, ఆ పులి మనమే. వెనక్కి తగ్గి వచ్చేయండి. వెంటపడి తీసిన ఫొటోలో కళ్లు భయంతో తెల్లబడి ఉంటాయి, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ మార్చలేదు.

ఇంటికొచ్చాక: దిద్దే వరస

ఏ సాఫ్ట్‌వేర్ అన్నది ముఖ్యం కాదు. అన్నిట్లో ఇవే పనులుంటాయి. వరస మాత్రం పాటించండి. పునాది వేయకుండా రంగులు వేయం కదా.

మొదట, రంగులోనే ఉండగా వైట్ బ్యాలెన్స్ సరిచేయండి. ఫెర్న్‌ల కింద అంతా పచ్చ ఛాయ పడి ఉంటుంది. అది తీసేస్తే గోధుమకీ ఆకుపచ్చకీ మధ్య దూరం పెరుగుతుంది. తర్వాతి అడుగు దాని మీదే నిలబడుతుంది.

రెండోది, నలుపు తెలుపులోకి మార్చడం. ఒకే బటన్‌తో మార్చొద్దు. రంగుల స్లైడర్లు ఉండే బ్లాక్ అండ్ వైట్ మిక్సర్ వాడండి. కణితి బొచ్చు నారింజ, ఎరుపు స్లైడర్లకి పలుకుతుంది. ఆకులు ఆకుపచ్చకి, ఇంకా ఎక్కువగా పసుపుకి పలుకుతాయి. నారింజ కొంచెం పెంచి, ఆకుపచ్చ, పసుపు కొంచెం తగ్గిస్తే జంతువు అడవిలోంచి ముందుకొస్తుంది. ఫిల్మ్ రోజుల్లో లెన్స్ ముందు ఎర్ర గాజు పెట్టి చేసింది ఇదే పని. పసుపుతో జాగ్రత్త, బొచ్చులో కూడా కొంత పసుపు ఉంటుంది, అది కదిలితే రెండూ కదులుతాయి. స్లైడర్‌ని చివరిదాకా లాగితే అంచుల్లో తెల్లటి గీత, గరుకు బయటపడతాయి. అవి కనబడగానే వెనక్కి రండి.

మూడోది, నలుపు ఎక్కడ, తెలుపు ఎక్కడ అని తేల్చుకోవడం. ఆన్సెల్ ఆడమ్స్ పేరు విని ఉంటారు. ఆయన, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి జోన్ సిస్టమ్ అని ఒకటి తయారుచేశారు. పూర్తి నలుపు నుంచి పూర్తి తెలుపు దాకా 0 నుంచి 10 వరకు పదకొండు మెట్లు. నా లెక్కలో కణితి నీడ వైపు 2, 3 మెట్లలో, వెలుగు వైపు 5లో, చెవి అంచు 8లో ఉండాలి. కంట్లో చిన్న మెరుపు 9. అడవి నేపథ్యం 1 నుంచి 3. ముఖంలో ఒక్క చోట కూడా 0 పడకూడదు. కాంట్రాస్ట్ స్లైడర్ ఒక్కసారి గట్టిగా లాగితే ఈ మెట్లన్నీ కూలిపోయి రెండే మిగులుతాయి.

నాలుగోది, చేత్తో చేసే పని. ఎక్కడ వెలుగు కావాలో అక్కడ కొద్దిగా తేల్చడం, ఎక్కడ అక్కర్లేదో అక్కడ ముంచడం. డార్క్‌రూమ్ రోజుల నుంచి దీన్ని డాడ్జింగ్, బర్నింగ్ అంటారు. కన్ను, కంటి కింద గీత, ముక్కు తడి, చెవి లోపలి బొచ్చు, వీటిని కాస్త తేల్చండి. వెనకాల చెట్ల సందుల్లోంచి కనబడే తెల్లటి ఆకాశం చుక్కల్ని ముంచండి, చూసేవాళ్ల కన్ను ముందు వాటి మీదికే పోతుంది. బ్రష్ బలం పది శాతం దగ్గర పెట్టి, పొరలు పొరలుగా వేయండి. లేని మెరుపుని కంట్లో అతికించడం మాత్రం చేయకండి. ఆ రోజు కంట్లో వెలుగు లేకపోతే, అది వెలుగు లేని ఫొటోయే.

ఐదోది, గరుకు, పదును. జూలు మీద, ముఖం మీద టెక్స్‌చర్ కొద్దిగా పెంచండి. నేపథ్యంలో పెంచకండి, అక్కడ నాయిస్ తగ్గించండి. ఫ్రేమ్ అంతా ఒకే పదును ఉంటే అడవీ జంతువూ మళ్లీ కలిసిపోతాయి, మనం చేసిందంతా వృథా.

ఆరోది, పక్కన పెట్టడం. మర్నాడు పొద్దున మళ్లీ తెరిచి, ఫొటోని గోరంత చేసి చూడండి. అంత చిన్నగా ఉన్నా జంతువు ఆకారం తెలిస్తే విడదీత కుదిరినట్టు. ఎడమ కుడి తిప్పి చూస్తే బరువు ఎటువైపు ఒరిగిందో తెలుస్తుంది. రసమట్టం బుడగ చూసినట్టు ఇది.

కాగితం మీద

వీలైతే ప్రింట్ తీయండి. తెరకి వెనక దీపం ఉంటుంది, కాగితానికి ఉండదు. పూర్తి వెలుగు పెట్టిన తెర మీద బాగున్న ఫొటో కాగితం మీద ఒకటిన్నర మెట్టు చీకటిగా వచ్చినట్టు అనిపిస్తుంది. ముదురు జంతువుకి ఇది మరీ నష్టం, నీడ వైపంతా పోతుంది. దిద్దేటప్పుడే తెర వెలుగు సగానికి తగ్గించుకోండి. ముందు చిన్న సైజులో నాలుగు రకాలుగా, ఒక్కోటి కాస్త తేలికగా చేసి ప్రింట్ తీసి, దాన్ని తగిలించబోయే గోడ దగ్గరే పెట్టి చూడండి. కణితి బొచ్చుకి మ్యాట్ కాగితం నప్పుతుంది. గ్లాసీ మీద నలుపు లోతుగా వస్తుంది, కానీ కిటికీ వెలుగు దాని మీద పడి ముఖం కనబడదు.

ఈ ముఖాన్ని ఏమని చూపించాలి

ఇప్పుడు మొదట్లో ఆపిన మాటకొస్తాను. మంచి పోర్ట్రెయిట్‌కి ఒక గుణం ఉంది. చూసినవాళ్లకి ఆ జంతువు మీద ప్రేమ పుట్టిస్తుంది. నలుపు తెలుపు అయితే ఇంకా ఎక్కువ, గంభీరంగా, పాతకాలపు దొరలా కనబడుతుంది. ఊళ్లో బంధువులకి పంపితే "మన కణితే కదా, ఎంత బాగుందో" అంటారు. నాకూ అలాగే ఉంటుంది.

కానీ ఇక్కడి అడవి దృష్టితో చూడండి. గిట్టలున్న ఇంత బరువైన జంతువు ఈ నేలకి అలవాటు లేదు. కంగారూ పాదం మెత్తన. కణితి లేత మొక్కల్ని కొరికేస్తుంది, కొమ్ములతో చెట్ల బెరడు ఒలుస్తుంది, వాగు ఒడ్డున తడి నేలని తొక్కి బురద గుంట చేస్తుంది. విక్టోరియాలో 1988 నాటి వృక్ష జంతు సంరక్షణ చట్టం కింద, కణితి వల్ల స్థానిక వృక్షసంపదకి కలిగే నష్టాన్ని ఒక ముప్పుగా నమోదు చేశారు. వారాంతాల్లో వాగుల ఒడ్డున మొక్కలు నాటే వాలంటీర్లతో ఒకసారి మాట్లాడండి. వాళ్లకి ఈ ముఖం అందంగా ఎందుకు కనబడదో అర్థమవుతుంది. వాళ్ల మాటా నిజమే, మన చిన్నప్పటి కణితీ నిజమే.

మనుషులు ఓడల్లో తెచ్చి వదిలారు, అది బతికింది. తప్పు దానిది కాదు. అలాగని జరిగే నష్టం లేకుండానూ పోదు. ఫొటో తీసేవాడు ఈ రెండిట్లో ఒకదాన్ని దాచేస్తే అది సగం ఫొటోయే అవుతుంది. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి పోర్ట్రెయిట్‌కీ జంటగా ఇంకో ఫొటో అదే చోట, అదే వెలుగులో తీస్తాను. బెరడు ఊడిన చెట్టు మొదలు, బురద గుంట, కొరికేసిన ఫెర్న్ చిగురు, ఏది కనబడితే అది. దాన్ని కూడా అంతే శ్రద్ధగా నలుపు తెలుపులో దిద్దుతాను. ఎవరికైనా ప్రింట్ ఇస్తే రెండూ కలిపే ఇస్తాను. విడిగా అడిగితే ఇవ్వను.

ఇంకొక్క జాగ్రత్త. ఫొటో బయట పెట్టే ముందు అందులోంచి స్థలం వివరాలు, అంటే జీపీఎస్ సమాచారం తీసేయండి. "షెర్‌బ్రూక్" అంటే చాలు, ఏ వాగు, ఏ మలుపు అని చెప్పక్కర్లేదు. అనుమతి లేని చోట తుపాకీతో వెళ్లేవాళ్లకి దారి చూపించేది మన ఫొటో కాకూడదు. అదే అడవిలో పిల్లలతో నడిచే కుటుంబాలు కూడా ఉంటాయి.

మన ఊళ్లలో ఉన్నవాళ్లకి ఒక మాట. నల్లమలలో, కవ్వాల్‌లో అటవీ శాఖ సఫారీలున్న చోట వాళ్ల బండిలోనే వెళ్లి, బండి దిగకుండా తీయండి. అక్కడ కణితి వెనక నిజంగానే పులి ఉండొచ్చు. వెలుగు సూత్రం మాత్రం ఒకటే: ముదురు జంతువు వెనక లేత చోటు, లేదా ముదురు చోటు ముందు జంతువు మీద వెలుగు. వేసవిలో ఆకు రాలిన అడవి నేల పొడిగా, లేతగా ఉంటుంది కాబట్టి మొదటి దారి మీకు మాకన్నా సులువు. మాకు మంచు కోసం జూన్ దాకా ఆగాలి.